మారకానికి వెళ్ళిన ఫార్వర్డు విలువ ఎంత? ఫిల్ కెసెల్ ఉదంతం

2009 సెప్టెంబరు 18వ తేదీన అమెరికాలోని బోస్టన్ బ్రూయిన్స్ అనే ఐస్ హాకీ జట్టు, ఇరవై రెండేళ్ళు కూడా నిండని తన ఫార్వర్డు ఫిల్ కెసెల్‌ను కెనడాలోని టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకు ఇచ్చివేసింది. బదులుగా టొరంటో ఇచ్చినది డబ్బు కాదు, మరొక ఆటగాడు కూడా కాదు. రాబోయే సంవత్సరాలలో కొత్త కుర్రవాళ్ళను ఎంపిక చేసుకొనే హక్కులు మూడింటిని ఇచ్చింది. ఈ బేరంలో ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న వాదన ఆనాడు రెండు నగరాల అభిమానుల మధ్య మొదలై ఏళ్ళ తరబడి సాగింది. ఒక ఆటగాని విలువను ఎలా కట్టాలి, ఎలా కట్టకూడదు అన్నది తెలుసుకొనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు. ఆ వాదనను మొదటినుంచి చివరివరకు పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏ హాకీ?

ఒడిశా వైపు ఉన్న మన పాఠకులకు సుందర్‌గఢ్ జిల్లా హాకీ, కర్ణాటక వైపు ఉన్నవారికి కొడగు హాకీ, తమిళనాడు వైపు ఉన్నవారికి కోవిల్‌పట్టి హాకీ పరిచితమే. అది పచ్చిక మీదనో, కృత్రిమ తివాచీ మీదనో జట్టుకు పదకొండుమంది ఆడే ఆట. కెనడా, అమెరికా దేశాలలో హాకీ అంటే మాత్రం మంచు మీద ఆడేదే. జట్టుకు ఆరుగురు: ఒక గోల్‌కీపరు, ఇద్దరు డిఫెండర్లు, ముగ్గురు ఫార్వర్డులు. ఫార్వర్డులలో మధ్యనుండేవాడు సెంటర్, ఇరువైపులా ఉండేవారు వింగర్లు. కెసెల్ కుడి వింగర్.

బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాని అడ్డుకొలత 3 అంగుళాలు, మందం 1 అంగుళం. కాళ్ళకు ఉక్కు అంచుగల బూట్లు కట్టుకొని, మంచు మీద జారుతూ కర్రలతో ఆ బిళ్ళను కొడతారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆట వేగం వల్ల ఏ ఫార్వర్డూ సాధారణంగా ఒక నిమిషం కంటె ఎక్కువసేపు ఏకధాటిగా మైదానంలో నిలువడు. ముగ్గురు దిగగానే మరొక ముగ్గురు ఎక్కుతారు. కాబట్టి ప్రతి జట్టుకూ నాలుగు ఫార్వర్డు వరుసలు ఉంటాయి. మొదటి వరుస ఆటగాడు, మూడవ వరుస ఆటగాడు అనే మాటలు ఇందువల్ల పుట్టినవే. ఈ వరుసల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. చివరకు వాదన తేలేది అక్కడే.

గోలు చేసినవానికి ఒక పాయింటు, ఆ గోలుకు ముందు బిళ్ళను అందించిన వారిలో ఇద్దరి వరకు ఒక్కొక్క పాయింటు లెక్కిస్తారు. ఫార్వర్డు ఘనతను అభిమానులు సాధారణంగా ఈ గోళ్ళతోను, పాయింట్లతోను కొలుస్తారు.

మారకం ఎలా జరుగుతుంది?

1917లో ఏర్పడిన నేషనల్ హాకీ లీగ్‌లో జట్లు ఆటగాళ్ళను పరస్పరం మార్చుకొనవచ్చు. అక్కడ దీనిని ట్రేడ్ అంటారు. ఎక్కువ సందర్భాలలో ఆటగాని అనుమతి అవసరం లేదు. నిన్న ఒక ఊరిలో కాపురమున్నవాడు నేడు ఫోను రాగానే వేల మైళ్ళ దూరంలోని మరొక ఊరికి పెట్టె సర్దుకొని పోవలసిందే.

కొత్త కుర్రవాళ్ళ ఎంపికను డ్రాఫ్టు అంటారు. ముందటి సంవత్సరం అట్టడుగున నిలిచిన జట్లకు ఎంపికలో ముందు వరుస దక్కుతుంది. తొలి స్థానాలకు మాత్రం లాటరీ తీస్తారు. బలహీనుడికి ముందు వడ్డించడమన్నమాట. ఈ ఎంపిక హక్కును కూడా జట్లు మారకంలో పెట్టవచ్చు. అలా పెట్టిన జట్టు ఆ ఏడాది బాగా ఆడితే ఇచ్చిన హక్కు విలువ తగ్గుతుంది. ఓడిపోతే పెరుగుతుంది. అంటే పండబోయే పంటను ముందే రాసిచ్చినట్లు. ఎంత పండుతుందో రాసిచ్చేనాడు ఎవరికీ తెలియదు.

ఇంకొక నిబంధన కూడా ఉన్నది. 2005 నుండి ప్రతి జట్టు చెల్లించే మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి విధించారు. 2009–10లో అది 5 కోట్ల 68 లక్షల డాలర్లు. ఒకరికి ఎక్కువ ఇస్తే మరొకరికి తగ్గించక తప్పదు.

2009 నాటి బేరం

కెసెల్ 1987లో అమెరికాలోని మాడిసన్ నగరంలో జన్మించాడు. 2006 డ్రాఫ్టులో బోస్టన్ అతనిని ఐదవ స్థానంలో ఎంపిక చేసుకున్నది. ఆ డిసెంబరులోనే అతనికి క్యాన్సరు బయటపడింది. శస్త్రచికిత్స చేయించుకొని కొద్ది వారాలలోనే తిరిగి ఆటలోకి వచ్చాడు. పట్టుదలకు, ఆటపట్ల నిష్ఠకు గుర్తుగా ఇచ్చే బిల్ మాస్టర్టన్ ట్రోఫీ 2007లో అతనికి లభించింది. 2008–09లో 70 ఆటలలో 36 గోళ్ళు చేశాడు.

ఆ ఏడాదితో అతని తొలి ఒప్పందం ముగిసింది. బోస్టన్ జట్టు అప్పటికే జీతాల పరిమితికి చేరువలో ఉన్నది. టొరంటో పరిస్థితి వేరు. 1967 తరువాత స్టాన్లీ కప్పు గెలవని నగరమది. 2004 తరువాత ప్లేఆఫ్ దశకు కూడా చేరలేదు. 2008 నవంబరులో మేనేజరుగా వచ్చిన బ్రయన్ బర్క్‌కు గోళ్ళు చేసేవాడు కావలసి వచ్చాడు. 2010, 2011 సంవత్సరాల తొలి విడత ఎంపికలు, 2010 రెండవ విడత ఎంపిక ఇచ్చి కెసెల్‌ను తెచ్చుకున్నాడు. ఐదేళ్ళకు 2 కోట్ల 70 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది.

అభిమానుల వాదాలు

ఇటువంటి మారకం జరిగినప్పుడు ఏ ఊరిలోనైనా వాదాలు మూడు రకాలుగా ఉంటాయి. ఇక్కడా అంతే.

మొదటి వాదం: ఇరవై రెండేళ్ళు నిండకముందే 36 గోళ్ళు చేసినవాడు దొరకడం కష్టం. డ్రాఫ్టులో వచ్చే కుర్రవాడు ఎలా తయారవుతాడో ఎవరు చెప్పగలరు? చేతిలో ఉన్న ఆటగాడే మేలు.

రెండవ వాదం: ఇల్లు కట్టకముందే గోపురానికి బంగారు పూత ఎందుకు? అట్టడుగున ఉన్న జట్టుకు కావలసింది మంచి కుర్రవాళ్ళు. వాళ్ళు దొరికే దారిని మూసివేసి ఒక్క వింగర్‌ను తెచ్చుకుంటే ఏమి లాభం?

మూడవ వాదం సూక్ష్మమైనది: ఆ 36 గోళ్ళు కెసెల్ ఒక్కడి సొత్తేనా? బోస్టన్‌లో అతనికి బిళ్ళను అందించినవాడు మార్క్ సవార్డ్ అనే సెంటర్. ఆ 2008–09లోనే సవార్డ్ 63 గోళ్ళకు చేయి అందించాడు. అటువంటి సెంటర్ టొరంటోలో ఎవరున్నారు?

మూడు వాదాలలోనూ నిజమున్నది. ఆ రోజున అభిమానులు ఎక్కువగా వినిపించుకోనిది మాత్రం మూడవదే.

లెక్కలు చెప్పినది

భుజానికి జరిగిన శస్త్రచికిత్స వల్ల కెసెల్ 2009 నవంబరు 3 వరకు టొరంటో తరఫున దిగలేదు. ఈలోగా జట్టు తన మొదటి ఎనిమిది ఆటలలో ఒక్కటీ గెలవలేదు. కెసెల్ వచ్చిన తరువాత 70 ఆటలలో 30 గోళ్ళు చేశాడు. అయినా జట్టు 30 జట్లలో 29వ స్థానంలో నిలిచింది. ఫలితంగా బోస్టన్ చేతికి వెళ్ళిన హక్కు 2010 డ్రాఫ్టులో రెండవ స్థానమైంది. ఆ స్థానంలో బోస్టన్ టైలర్ సెగిన్ అనే ఫార్వర్డును తీసుకున్నది. 2011లో తొమ్మిదవ స్థానంలో డిఫెండరు డూగీ హామిల్టన్‌ను తీసుకున్నది. రెండవ విడత ఎంపికతో వచ్చిన జారెడ్ నైట్ మాత్రం ఈ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. మొదటి వాదం చేసినవారు చెప్పినది ఆ మేరకు నిజమే. మూడు గింజలు నాటితే రెండే మొలిచాయి.

2011లో బోస్టన్ స్టాన్లీ కప్పు గెలిచింది. మొదటి ఏడాది కుర్రవాడైన సెగిన్ ఆ ప్లేఆఫ్‌లలో టాంపా బే జట్టుపై ఒకే ఆటలో రెండు గోళ్ళు చేసి, మరి రెండింటికి చేయి అందించాడు. ఆ తరువాత కెసెల్ బోస్టన్‌కు ఆడవచ్చినప్పుడల్లా అక్కడి ప్రేక్షకులు ఎగతాళిగా అతనికి ధన్యవాదాలు చెబుతూ కేకలు వేసేవారు. ఆ బేరం కుదిర్చినవాడు అతడు కాదు. పెళ్ళి మాటలలో పెద్దలు ఒప్పుకున్నదానికి కొత్తకోడలు మాట పడినట్లు, ధర నిర్ణయించినవారిని వదిలి ధర కట్టబడినవానిని నిందించడం జరిగింది.

ఇంతకూ కెసెల్ ఆట తగ్గిందా? లేదు. 2010–11లో 32 గోళ్ళు, 2011–12లో 37 గోళ్ళు, 2013–14లో మళ్ళీ 37 గోళ్ళు చేశాడు. టొరంటో తరఫున ఆడిన 446 ఆటలలో 181 గోళ్ళు, 394 పాయింట్లు సాధించాడు. కొన్నదానికి తగిన సరుకే అతడు ఇచ్చాడు. జట్టు మాత్రం ఆ ఆరేళ్ళలో ఒక్కసారే, 2013లో, ప్లేఆఫ్‌కు చేరింది. ఆ ప్లేఆఫ్‌లో ఎదురుపడినది బోస్టనే. ఏడవ, చివరి ఆటలో టొరంటో మూడవ భాగంలో 4–1 ఆధిక్యంలో ఉండి కూడా అదనపు సమయంలో 5–4తో ఓడింది. ఆ నాలుగు గోళ్ళలో ఒకటి కెసెల్‌దే. ముందుండి గోలు చేయడం అతని పని. వెనుక ఆధిక్యాన్ని నిలబెట్టడం మొత్తం జట్టు పని.

చివరకు మిగిలినవాడు

2011 జనవరిలో లీగ్‌లోని మేటి ఆటగాళ్ళందరితో రెండు జట్లను ఏర్పరచి ప్రదర్శన ఆట పెట్టారు. పిల్లలు వీధిలో చేసినట్లే ఇద్దరు నాయకులు ఒక్కొక్కరిని పిలుచుకున్నారు. టీవీ కెమెరాల ముందు చివరకు మిగిలినవాడు కెసెల్. ఓదార్పుగా అతనికి ఒక కారు ఇచ్చారు.

ఇరవై ఏళ్ళకు పైగా బడిలో పనిచేసిన నాకు ఆ దృశ్యం కొత్త కాదు. ఆటల పీరియడులో ఇద్దరు నాయకులను పెట్టి జట్లు వేసుకొమ్మని మేమే చెబుతాము. చివరకు మిగిలిన పిల్లవాడు బూటు చివరతో నేలను గీస్తూ నిలబడతాడు. నేను కూడా ఆ పద్ధతినే చాలాకాలం నడిపించాను. ఒక ఏడాది అలా చివరకు మిగిలిన ఒక సన్నని కుర్రవాడిని వెనుక వరుసనుండి తీసి, బంతి బాగా అందించే పిల్లవాని పక్కన నిలబెట్టాను. అంతకుముందు బంతి దొరకని వానికి గోలు దొరికింది. వాడు మారలేదు, వాని పక్కనున్నవాడు మారాడు. అప్పటినుంచి జట్లు వేసే పని పిల్లలకు వదలడం మానుకున్నాను.

పిట్స్‌బర్గ్‌లో ఏమి జరిగింది?

2013లో టొరంటో కెసెల్‌తో ఎనిమిదేళ్ళకు 6 కోట్ల 40 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం చేసుకున్నది. అయినా 2015 జూలై 1న అతనిని పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ జట్టుకు ఇచ్చివేసింది. వదిలించుకొనే తొందరలో అతని జీతంలో ఏడాదికి 12 లక్షల డాలర్లు తానే భరించడానికి కూడా ఒప్పుకున్నది. అతడు సోమరి అని, అతనితో కప్పు గెలవలేమని టొరంటోలో పలువురు అనేవారు.

పిట్స్‌బర్గ్‌లో సిడ్నీ క్రాస్‌బీ, ఎవ్గెనీ మాల్కిన్ అనే ఇద్దరు మేటి సెంటర్లు వేరువేరు వరుసలలో ఉన్నారు. ప్రత్యర్థులు తమ ఉత్తమ డిఫెండర్లను ఆ రెండు వరుసలను ఆపడానికే వినియోగించవలసి వచ్చేది. 2016 ప్లేఆఫ్‌లలో కెసెల్‌ను మూడవ వరుసలో నిక్ బోనినో, కార్ల్ హగెలిన్‌లతో కలిపి ఆడించారు. టొరంటోలో ప్రత్యర్థుల దృష్టి అంతా అతని మీదనే. ఇక్కడ అతనికి ఎదురైనవారు రెండవ శ్రేణి డిఫెండర్లు. ఆ ప్లేఆఫ్‌లలో 24 ఆటలకు 22 పాయింట్లతో అతడు తన జట్టులో అందరికంటె ముందు నిలిచాడు. పిట్స్‌బర్గ్ కప్పు గెలిచింది. 2017లో మళ్ళీ గెలిచింది. 2023లో వేగాస్ జట్టుతో మూడవ కప్పు అందుకున్నాడు.

సోమరి అన్న మాటకు జవాబు కూడా లెక్కలలోనే ఉన్నది. టొరంటో తరఫున మొదటిసారి దిగిన 2009 నవంబరు 3నుండి 2022–23 సీజను ముగిసేవరకు లీగ్ దశలో అతడు ఒక్క ఆటా మానలేదు. వరుసగా 1,064 ఆటలు. 2022 అక్టోబరు 25న పాత రికార్డును దాటిన రోజునే తన 400వ గోలు చేశాడు.

బేరంలో ఎవరు గెలిచారు?

2013 వరకు చూస్తే బోస్టన్ గెలిచినట్లే కనిపిస్తుంది. కాని ఆ ఏడాది జూలైలో బోస్టన్ సెగిన్‌ను డాలస్ జట్టుకు మారకంలో ఇచ్చివేసింది. 2015లో హామిల్టన్‌ను కాల్గరీకి ఇచ్చివేసింది. కెసెల్ బదులుగా వచ్చిన ఇద్దరూ అలా చేజారారు. టొరంటో సంగతి చూస్తే, కెసెల్ వెళ్ళిన మరుసటి సీజనులో అది అందరికంటె అట్టడుగున నిలిచి, లాటరీ కలిసివచ్చి 2016 డ్రాఫ్టులో మొదటి స్థానంలో ఆస్టన్ మాథ్యూస్‌ను పొందింది. అయినా 2025 వరకు ఆ నగరానికి కప్పు రాలేదు.

మరొక ఫార్వర్డును పక్కన పెట్టి చూద్దాము. 2005 నవంబరులో బోస్టన్ జో థార్న్‌టన్ అనే సెంటర్‌ను సాన్ హోసే జట్టుకు ఇచ్చివేసింది. ఆ సీజనులో అతడు 125 పాయింట్లతో లీగ్‌లో మొదటివాడై, ఉత్తమ ఆటగాని బహుమతి పొందాడు. ఆ సీజనులోనే చతికిలబడిన బోస్టన్‌కు డ్రాఫ్టులో ఐదవ స్థానం దక్కింది. ఆ స్థానంలో వచ్చినవాడే కెసెల్. 2016 ఫైనల్‌లో పిట్స్‌బర్గ్ ఓడించినది ఆ సాన్ హోసేనే. ఒకవైపు కెసెల్, మరొకవైపు థార్న్‌టన్. ఎవరి విలువ ఎక్కువ అంటే వ్యక్తిగత లెక్కలు థార్న్‌టన్ పేరు చెబుతాయి. కప్పుల లెక్క కెసెల్ పేరు చెబుతుంది. థార్న్‌టన్‌కు స్టాన్లీ కప్పు దక్కనేలేదు.

మన వేలంపాటలు

మన దేశంలో మారకం కంటె వేలంపాట ప్రసిద్ధం. 2013లో మొదలై 2017లో ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్‌ను 2024లో పునరుద్ధరించారు. ఆ ఏడాది అక్టోబరు వేలంలో డిఫెండరు హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షల రూపాయలకు, ఫార్వర్డు అభిషేక్ 72 లక్షలకు అమ్ముడుపోయారు. అభిషేక్‌ను కొన్న బెంగాల్ టైగర్స్ జట్టు 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్‌లో హైదరాబాద్ తూఫాన్స్‌ను 4–3తో ఓడించింది. ఆ నాలుగింటిలో మూడు గోళ్ళు చేసినవాడు డిఫెండరు జుగ్‌రాజ్ సింగ్. మరి ఫార్వర్డుకు ఇచ్చిన సొమ్ము వృథా అనవచ్చునా? అనకూడదు. మైదాన హాకీలో ఫార్వర్డు వృత్తంలోకి చొచ్చుకుపోయి పెనాల్టీ కార్నర్ సంపాదిస్తాడు, దానిని గోలుగా మలచేవాడు వేరొకడు. ఒకరి కష్టం మరొకరి పేర నమోదవుతుంది.

విలువ కట్టేముందు అడగవలసినవి

మన ఇళ్ళలోని పిల్లలు వేలంపాటలు టీవీలో చూస్తున్నారు. కొందరు క్రీడా వసతిగృహాల ఎంపికలకు కూడా వెళ్తున్నారు. కొత్తగా వచ్చిన ఆటగాని గురించి వాదించేటప్పుడు, మన పిల్లవాని ఎంపిక గురించి బాధపడేటప్పుడు కూడా ఈ ప్రశ్నలు ఉపయోగపడతాయి.

1. అతడు ఏమి చేశాడన్నదే కాక, అతనికి బిళ్ళను లేదా బంతిని ఎవరు అందించారు?

2. బదులుగా ఏమి ఇచ్చారు? ఆ ధర నిర్ణయించినది ఎవరు?

3. తీసుకున్న జట్టులో మిగిలిన స్థానాలు నిండి ఉన్నాయా, ఖాళీగా ఉన్నాయా?

4. తీర్పు చెప్పడానికి తగినంత కాలం గడిచిందా? కెసెల్ బేరం పై తీర్పు 2011లో ఒకటి, 2016లో మరొకటి.

5. ఎదుటివారి బలమంతా అతని మీదకే వస్తున్నదా? ఆ బరువును పంచుకొనేవారున్నారా?

టొరంటోలో ఆడినవాడు, పిట్స్‌బర్గ్‌లో ఆడినవాడు ఒక్కడే కెసెల్. అక్కడ మొదటి వరుసలో పెట్టి ఓడిపోయారు, ఇక్కడ మూడవ వరుసలో పెట్టి గెలిచారు. ఆటగాని విలువ అతని ఒంటిమీద రాసి ఉండదు. అతనిని ఎక్కడ నిలబెట్టారో, పక్కన ఎవరిని నిలబెట్టారో దానితో కలిపి చదువుకోవాలి. ఎంపికలో పేరు రాని పిల్లవాడు తలవంచుకొని ఇంటికి వచ్చిన సాయంకాలం, తల్లిదండ్రులు ముందుగా గుర్తుచేసుకోవలసిన సంగతి ఇది.